కుడి పక్కన ఎవరూ లేరు

కొబ్బరినూనె సీసాల మూతులు అంత సన్నగా ఎందుకు చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చలికాలంలో నూనె గడ్డకడుతుందని తయారుచేసేవాళ్లకు తెలియదా? పొద్దున్నే సీసాను ఎండలో పెట్టి, దాని ముందు గొంతుకూర్చొని, అది కరిగేదాకా కాపలా కాయడం ఎమ్మే చదివిన మనిషి చేయాల్సిన పని కాదు.

ఆ రోజు నేను కాయలేదు. నూనె లేని తలతో, జుట్టు నిక్కబొడుచుకొని అలాగే ఇంట్లోంచి బయల్దేరాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత పోలీసుల వీడియోలో నన్ను నేను గుర్తుపట్టింది ఆ జుట్టుతోనే. కాబట్టి అందులో ఉన్నది నేను కాదనడానికి వీల్లేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. దయ్యాలను నమ్మేంత తీరిక నాకెప్పుడూ లేదు. మా హాస్టల్లో మూడో అంతస్తు బాత్రూంలో దయ్యం ఉందని అందరూ కింది అంతస్తుకు పోయి వరుసలో నిలబడేవారు. రెండేళ్లు నేనొక్కణ్నే మూడో అంతస్తులో హాయిగా స్నానం చేశాను. దయ్యాల వల్ల నాకు మేలే జరిగింది. నమ్మకం మాత్రం కలగలేదు.

ఇది తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఒక చలికాలం ముచ్చట. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లానే. మహబూబాబాద్‌కు బస్సు దూరంలో ఉన్న ఒక మండల కేంద్రంలో, ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ని. ఊరి పేరు రాయను. ఆ ఠాణాలో పనిచేసినవాళ్లు ఇంకా సర్వీసులోనే ఉన్నారు. నేనూ ఉన్నాను.

మా దిక్కు వరికోతలు అయిపోయాయంటే చలికాలమంతా ఆటాపాటా. ఒక ఊళ్లో ఒగ్గు కథ, పక్క ఊళ్లో చిందు భాగోతం, ఇంకో ఊళ్లో పడుచువాళ్లు చిరుతలనే చెక్క తాళాలు పట్టుకొని రామాయణం నేర్చుకుంటూ ఉంటారు. సీత వేషం వేసేవాడు మీసం తీయనని మొండికేయడంతో ఏటా ఒక పంచాయితీ. ఆ ఏడాది మాత్రం బంద్‌ల వల్ల బస్సులు లేవు, టాకీసు మూతబడింది, కాలేజీ వారానికి రెండు రోజులు నడిస్తే గొప్ప. దాంతో కళలన్నీ వచ్చి బస్టాండు ముందున్న రిలే దీక్షల టెంటు కింద చేరాయి. పొద్దున కోలాటం, పగటిపూట ఒగ్గు కథ, నడి రోడ్డు మీదనే వంట. నిరాహార దీక్షల టెంటు దగ్గర తిన్నంత బాగా నేను పెళ్లిళ్లలో కూడా తినలేదు.

ఒగ్గు మల్లయ్య ఆ టెంటుకే వచ్చాడు. జనగామ దగ్గరి పల్లె. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి.

ఒగ్గు కథ చూడనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. కథ చెప్పేవాడు ఒకడుంటాడు, డోళ్లు కొట్టేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వీళ్లు కాక, పక్కన నిలబడి మాటమాటకూ ‘ఆఁ’ అనీ, ‘గట్లనా’ అనీ, ‘అటెన్క?’ అనీ ఊ కొట్టేవాడు ఒకడుంటాడు. వాణ్ని వంత అంటారు. జనం అడగాల్సింది వాడే అడుగుతాడు. వాడు లేకపోతే కథ ముందుకు కదలదు. మల్లయ్యకు ముప్పై ఏళ్లకు పైగా వంత ఆయన తమ్ముడు కొమురయ్య. కిందటేడు దసరా వారంలో ఇంట్లోనే పోయాడు. అప్పటినుంచి మల్లయ్య కథ చెప్పలేదు.

టెంటు వాళ్లు బతిమాలితే చివరికి ఒప్పుకున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. వంతగా తన ఇంటివాళ్లెవరూ నిలబడొద్దు, బయటి మనిషి కావాలి. టెంటు కింద కూర్చొని జోకులేసే అలవాటు నాకు ఉండటం వల్ల అందరూ కలిసి నన్ను ముందుకు తోశారు.

“నాకు ఒక్క ముక్క రాదు తాతా” అన్నాను.

“నీకెందుకస్తది సారూ? నువ్వు జర నిలబడు, సాలు. ఆడ ఒగడు నిలబడ్డడంటే నా కత నడుస్తది.”

“ఊ కొట్టుడు మర్చిపోతే?”

“మర్చిపోతే పోనీ. గని ఎడమ దిక్కు నిలబడు. కుడి దిక్కుకు రాకు.”

మైకు తీగ అటువైపు ఉందేమో, తొక్కుతానని భయపడుతున్నాడేమో అనుకున్నాను. నిలబడ్డాను.

నా మనసు కథ మీద లేదు. ఎదురుగా చాయ్ హోటల్ అరుగు మీద ఒక కానిస్టేబుల్ చిన్న వీడియో కెమెరా పట్టుకొని మమ్మల్నే తీస్తున్నాడు. టెంటు కింద జరిగేవన్నీ తీయడం అతని డ్యూటీ. నాకేమో సర్కారు కొలువుకు ఎంపికైనట్టు కాగితం వచ్చి నెల కాలేదు. పోలీసు వెరిఫికేషన్ మిగిలి ఉంది. ఒక్క కేసు పడిందంటే ఆ కాగితంలో పల్లీలు కట్టుకోవాల్సిందే. అందుకే కెమెరా ఎటు తిరిగితే నా మొహం అటు పడకుండా చూసుకుంటున్నాను. అప్పుడే ఎవరో నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టారు.

మల్లయ్య ఏడుగురు అన్నల కథ ఎత్తుకున్నాడు. నీళ్లు పారే మడి అన్నలు పంచుకున్నారు, రాళ్ల దిబ్బ తమ్ముడికి మిగిల్చారు. ఆ అన్నలెవరో, తమ్ముడెవరో టెంటు కింద ఉన్నవాళ్లకు విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

“తమ్ముడు అన్నల వాకిట్ల నిలబడి అడిగె. దండం పెట్టి అడిగె. ఏడాదికేడాది అడిగె...”

ఇక్కడ ఆగాడు. ఇక్కడ నేను ‘ఆఁ’ అనాలి. గ్లాసు నా మూతి దగ్గర ఉంది.

రెండుసార్లు దగ్గు వినిపించింది, బీడీ దగ్గు. తర్వాత మైకులో ఖంగుమని మాట. “ఇంకెన్నొద్దులడుగుతవ్‌రా? కట్ట తెంపు!”

టెంటు దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు. నేనూ నవ్వాను. డోలు కొట్టేవాళ్లలో ఎవరో అన్నారనుకొని, నాకంటే బాగా అన్నందుకు లోపల కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. ముందు వరుసలో కొమురయ్య భార్య లచ్చవ్వ కూర్చొని ఉంది. ఆమె మెల్లగా కొంగు తీసి తల మీదికి కప్పుకుంది. ఎండ తగులుతోందేమో అనుకున్నాను. ఆమె కూర్చున్నది నీడలో.

అదే సాయంత్రం ఊరి బయట చిన్న కాల్వ కట్టకు గండి పడింది. ఎండ్రికాయలు బొక్కలు పెట్టాయని కాల్వ చూసుకునే లష్కర్ చెప్పాడు. ఎండ్రికాయల మీద కేసు పెడితే పై అధికారులు మెచ్చుకోరు. మర్నాడు పగలు మమ్మల్ని ఠాణాకు పిలిచారు. నన్నూ, మల్లయ్యనూ, డోలు కొట్టిన ఇద్దరినీ.

ఎస్సై కొత్తగా బదిలీ మీద ఆ జిల్లాకు వచ్చినవాడు. మనిషి మర్యాదస్తుడే.

“ఏవండీ మాష్టారూ, వంత మీరేగా?”

“నేనే సార్.”

“అయితే మాటా మీదేగా?”

తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చెమట పట్టింది. చలికాలంలో ఠాణాలో చెమట పట్టడం నాకు నేనుగా ఇచ్చిన వాంగ్మూలంలా ఉంది.

కానిస్టేబుల్ కెమెరా తెచ్చి, దానికున్న చిన్న తెర మీద ఆ ముక్క వేసి చూపించాడు. మూడుసార్లు చూశాం. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాట వినిపించేటప్పుడు గ్లాసు నా పెదవుల మీద ఉంది, గుటక వేస్తున్నట్టు గొంతు కదలడం కనిపిస్తోంది. డోళ్లవాళ్లిద్దరి మొహాలూ కెమెరా వైపే ఉన్నాయి, నోళ్లు మూసి ఉన్నాయి. మల్లయ్య మొహం మాత్రం కెమెరాకు కనిపించకుండా అటు తిరిగి ఉంది. సహజంగానే నా అనుమానమంతా మల్లయ్య మీదికి పోయింది. అయితే ‘కట్ట తెంపు’లో చివరి ‘పు’ ఇంకా పూర్తి కాకముందే మల్లయ్య గొంతు “ఇన్నరా!” అంటూ దాని మీద పడింది. ఒకే క్షణంలో రెండు గొంతులు. ఒక మనిషికి ఒక గొంతే ఉంటుందని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఉన్నది ఒకటే మైకు. అది మల్లయ్యకు కుడి పక్కన ఉంది. అక్కడ ఎవరూ లేరు.

ఇంకొకటి కూడా కనిపించింది. కథ ఆగిన ప్రతిసారీ మల్లయ్య తల కుడివైపే తిరిగింది. ఎడమ పక్కన నిలబడిన నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ఆ మాటకు కొద్దిగా ముందు, ఇరుకు సందులో ఎవరికో చోటిస్తున్నట్టు అరడుగు ఎడమకు జరిగాడు. ఆయన జరిగితే నేనూ జరిగాను. జరిగినట్టు నాకు గుర్తులేదు. కానీ నిక్కబొడుచుకున్న ఆ జుట్టు నాదే.

ఎస్సై ఇవేవీ చూడలేదు. ఆయనకు కావాల్సింది గొంతు. మా అందరి చేతా వరసగా ఆ మాట చెప్పించాడు. కట్ట తెంపమని ఠాణాలో, పోలీసుల ముందు, పోలీసుల ఆజ్ఞ మీద నేను మూడుసార్లు అరిచాను. నాది పిల్లికూత లాంటి గొంతు. డోళ్లవాళ్లలో ఒకడికి నత్తి, ‘కట్ట’ దగ్గరే ఆగిపోయాడు. రెండోవాడికి జలుబు. మల్లయ్యది వేరే రకం గొంతు. ఎస్సై నీరసపడి, నా వైపు చూసి, పెన్ను తీశాడు.

“గొంతు కలవకపోయినా వంత మీరే కదండీ. పేరు చెప్పండి.”

అప్పుడు గుమ్మంలో లచ్చవ్వ. మల్లయ్య బీపీ గోలీలు తెచ్చింది. బయట అరుగు మీద కూర్చొని అంతా విన్నదట.

“గది మా ఇంటాయన గొంతు సారు.”

ఎస్సై పెన్ను ఆమె వైపు తిప్పాడు.

“పేరేంటమ్మా?”

“కొమురయ్య.”

“ఎక్కడున్నాడు?”

“యాడున్నడో నాకేమెర్క సారు. ఇంటికి రాక పద్నాలుగు నెల్లాయె.”

ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఎస్సై ‘పరారీ’ అని రాసుకున్నాడు. కానిస్టేబుల్ ఈ ప్రాంతం వాడే, కొమురయ్య పోయిన సంగతి అతనికి తెలుసు. అతను నా వైపు చూసి, తర్వాత తిరగని ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. మల్లయ్య గోలీ నోట్లో వేసుకున్నాడు.

ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మనిషి చచ్చిపోయాడు సార్ అని. అనలేదు. సాక్షిగా సంతకం పెట్టమంటే పెట్టాను. ఆ గొంతు కొమురయ్యదని నాకు తెలుసని ఆ కాగితంలో ఉంది. కొమురయ్య బతికుండగా ఆయన గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదు.

బయటికొచ్చాక లచ్చవ్వతో అన్నాను. “గొడవ సల్లబడ్డంక నేనే ఠాణాకొచ్చి అసలు సంగతి చెప్త అవ్వా.” ఆమె తల ఊపింది.

తర్వాత చాలా రోజులు ఆరా తీశాను. మైకు అద్దెకిచ్చినవాణ్ని పట్టుకొని, పాత క్యాసెట్టు ఏదైనా వేశావా అని గద్దించాను. “నా దగ్గర టేపు యాడిది సారూ? సూడు, ఎతుక్కో” అని ఆంప్లిఫయర్ మూత విప్పి చూపించాడు. స్టేజీ చెక్కల కింద దూరి చూశాను. అక్కడ ఒక కుక్క ఉంది, నన్ను చూసి అది కూడా అనుమానపడింది. మల్లయ్యా లచ్చవ్వా కూడబలుక్కున్నారా అని కూడా ఆలోచించాను. కూడబలుక్కుంటే ఠాణాలో మాటలు కుదురుతాయి, ఒప్పుకుంటాను. మైకులో గొంతు ఎలా కుదురుతుంది?

మల్లయ్యనే ఒకసారి నిలదీశాను.

“నీకెట్ల వినబడ్డదో నాకూ గట్లనే వినబడ్డది సారూ. కొత్తగ నీకు వినబడ్డది గంతే.”

అంతకుమించి ఆయన చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయనా లేడు.

నా వెరిఫికేషన్ ఏ మచ్చా లేకుండా అయిపోయింది. కొలువు వచ్చింది, భూపాలపల్లిలో పోస్టింగు. రాష్ట్రం వచ్చింది. ఉద్యమం కేసులు ఎత్తేశారని పేపర్లో చదివి సంతోషపడ్డాను. కాల్వ కేసు ఉద్యమం కేసుల జాబితాలో లేదని అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు అనడం సరైన మాట.

మొన్నటి చలికాలంలో జనగామ వైపు ఒక ఊళ్లో చిందు భాగోతం ఉందంటే చూడటానికి పోయాను. దారిలో ఆ పల్లె తగిలితే లచ్చవ్వ ఇంటికి వెళ్లాను. వాకిట్లో ఎండకు కూర్చొని చాటలో కందులు చెరుగుతోంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. అప్పుడు తెలిసింది. కొమురయ్య ఇంట్లో పోయాడు కాబట్టి చావు కాగితం ఆనాడు ఎవరూ తీసుకోలేదు. తర్వాత ఆమె అడగబోతే, పోలీసు రికార్డులో మనిషి పరారీలో ఉన్నాడు, చచ్చిపోయాడని మేమెట్ల రాస్తామని ఆఫీసులో తిప్పి పంపారట. ఇన్నేళ్లుగా తిరుగుతూనే ఉందట. కాగితాల లెక్కన ఆమె మొగుణ్ని పోలీసులు ఇంకా వెతుకుతున్నారు.

విన్నాను. అయినా నేను వచ్చిన పని మీదే నా మనసుంది. ఇన్నేళ్లుగా నమిలింది అడిగేశాను. “అవ్వా, ఆ దినం నిజంగనే ఆయన గొంతేనా? మమ్ముల కాపాడనీకి అన్నవా?”

ఆమె చాట దించలేదు. రాళ్లు ఏరి పక్కన పడేస్తూనే అంది.

“ఆయన యాడికి పోలే సారూ. సంతకం పెట్టి పోయినోనివి నువ్వే.”