కంచరపాలెంలో "యెస్" అన్న జపాన్ డాక్టరు

రాజమండ్రిలో ఇంట్లో కూర్చుని జపాన్ యంత్రాల పుస్తకాలు అనువదించడం నా పని. యంత్రాలు తిరిగి ప్రశ్నలు వేయవు కాబట్టి నాకు జపనీస్ బ్రహ్మాండంగా వచ్చనే నమ్మకం ఉండేది. విశాఖ రేవుకు జపాన్ నౌక వచ్చిందనీ, మన నౌకాదళంతో కలిసి సముద్రంలో విన్యాసాలు ముగించాక, అందులోని డాక్టర్లు మన డాక్టర్లతో కలిసి కంచరపాలెంలో వైద్యశిబిరం పెడుతున్నారనీ తెలిసింది. శిబిరం వాళ్ళు దుబాసీగా ఒక్కరోజు రమ్మంటే ఎగిరి గంతేశాను.

పొద్దున్నే ఆరింటికి రైలెక్కాను. సామర్లకోటలో కొన్న ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ మాత్రం నీళ్ళనీళ్ళగా ఉంది. దువ్వాడ దాకా బండి బుద్ధిగానే వచ్చి, అక్కడ మొరాయించింది. ఎదుటి సీటులో ఉక్కునగరం పెద్దాయన ఒకరు సంచీ సర్దుకుంటూ, "దువ్వాడలో ఆగిందంటే ఇంక సెప్పలేమమ్మా. నాను రోజూ సూత్తన్నాను కదా. దిగిపోండి, ఆటోలో బేగి ఎల్లిపోతారు," అన్నారు.

దిగాను. గాజువాక సెంటర్‌లో మా ఆటో ఇరుక్కుపోయింది. ఆటోనగర్‌కు పోయే లారీల మధ్య పొగ పీలుస్తూ కూర్చున్నప్పుడు, నేను దిగేసిన రైలు ఈపాటికి విశాఖ చేరిపోయి ఉంటుందని తట్టింది. నా తర్వాత ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా, రైల్లోంచి దిగకండి.

కంచరపాలెంలో చర్చి పక్కనున్న హాల్లో శిబిరం. నేను వెళ్ళేసరికి పది దాటింది. గుమ్మంలోనే ఏడుపు వినిపించింది. చేపలమ్మే సూరమ్మ బెంచీ మీద కూర్చుని, కట్టు కట్టిన కుడికాలు రెండు చేతులతో పట్టుకుని శోకాలు పెడుతోంది. షుగరు, బొటనవేలి పక్కన మానని పుండు. కొడుకు రాజు గోడకానుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. వాళ్ళ ముందు జపాన్ డాక్టరు తనాబె, అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఏం జరిగిందో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు.

"కాలు తీసేత్తారంటమ్మా! బుట్టెత్తుకుని తిరక్కపోతే నా బతుకేటైపోద్ది?" అంది సూరమ్మ నా చెయ్యి పట్టుకుని.

"తీసేస్తానని ఆయన అన్నారా?" అని రాజును అడిగాను.

"మన డాక్టరమ్మ పక్కగదిలో బిజీగా ఉన్నారండి. మీరేమో రాలేదు. నానే ఇంగిలీషులో అడిగాను, నో నీడ్ టు కట్ లెగ్ అనీసి. ఆయన యెస్ యెస్ అన్నారండి. తలకాయ కూడా ఊపారు. ఇంగిలీషులో యెస్సంటే తియ్యాలనే కదండి."

నాకు అనుమానం వచ్చింది. తనాబె గారిని జపనీస్‌లో అడిగాను. ఆయన అదిరిపడ్డారు. "తీయడమా? ఎందుకు? అవసరం లేదు కదా అని అడిగారు. అవునన్నాను!"

ఇంగ్లీషువాళ్ళయితే "నో, అక్కర్లేదు" అనేవారు. జపాన్ వాళ్ళు మనలాగే. "అక్కర్లేదా?" అంటే "ఆఁ" అంటారు, అంటే అక్కర్లేదనే. తెలుగులో అడిగి జపనీస్‌లో చెప్పుకుని ఉంటే గొడవే లేదు. మధ్యలో ఇంగ్లీషు దూరి కాలు నరికేసింది!

ఈ సంగతి చెప్పగానే రాజు నెత్తి కొట్టుకున్నాడు. సూరమ్మకు మాత్రం నా మాట మీద గురి కుదరలేదు. నేరుగా డాక్టరునే అడిగింది. "బాబూ, నా కాలు తియ్యక్కర్లేదు కదా?"

నేను జపనీస్‌లో చెప్పాను. ఆయన "హాయ్" అని, అంటే జపనీస్‌లో అవునని, ఈసారి ఎందుకైనా మంచిదని చెయ్యి కూడా అడ్డంగా ఊపారు. హాలంతా నవ్వింది. సూరమ్మ నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

తర్వాత తనాబె గారు నేలమీద చతికిలబడి ఆమె పాదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. "బాబోయ్, డాక్టరుగారు నా కాళ్ళట్టుకోడమేటి!" అని ఆమె వెనక్కి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. ఎలా కడగాలో, వేళ్ళ మధ్య తడి లేకుండా ఎలా తుడవాలో రాజుకు చూపించారు. అశ్రద్ధ చేస్తే మాత్రం కాలికి నిజంగానే ముప్పు ఉందన్నారు. మందు ఆపకూడదు, ఎక్కువ నడవకూడదు, చెప్పుల్లేకుండా గుమ్మం దాటకూడదు. మన డాక్టరమ్మ వచ్చి, వారం వారం తాను చూస్తానంది. సూరమ్మ అన్నిటికీ తలూపింది కానీ, చెప్పులు తన ఒంటికి పడవని నాకు చెవిలో చెప్పింది.

సాయంత్రం రాజే నా ఫోన్ నంబరు తీసుకుని, బండి మీద స్టేషనుకు దిగబెట్టాడు. దారిలో చెప్పుల కొట్టు ముందు ఆపాడు. మెత్తటివి కావాలన్నాడు. సైజెంతని కొట్టాయన రాజును అడిగాడు.

"అమ్మ కాలు ఎప్పుడు సూశానండి నాను? ఇయ్యాల ఆ డాక్టరుగారి సేతిలో సూశాను. ఇంతుంది," అని తన అరచెయ్యి చాపి, మణికట్టు పైన వేలితో గీత గీసి చూపించాడు. కొట్టాయన టేపు తీసి ఆ చేతినే కొలిచాడు.

తిరుగు రైల్లో నాకు కిటికీ సీటు దొరికింది. సముద్రం మీద రెండు దేశాల ఓడలు ఏం సాధన చేశాయో నాలాంటి వాళ్ళకు అర్థం కాదు. హాల్లో చూసింది మాత్రం అర్థమైంది, మనసు నిండిపోయింది. తుని దాటాక ఫోన్ మోగింది. సూరమ్మ.

"అమ్మా, ఈడు సెప్పులు తెచ్చాడు. సరిగ్గా సరిపోనాయి. మంచం మీద కూడా ఇప్పనీడం లేదు."

"మంచిదే కదా. నొప్పి ఎలా ఉంది?"

"ఏటీ లేదు. ఏసుకుని సేపల బజారు దాకా నడిసెల్లి అందరికీ సూపించేసి వచ్చాను!"

"నడవొద్దన్నారు కదమ్మా!" అని పెట్టెలో అందరూ తిరిగి చూసేలా అరిచాను. అవతల సూరమ్మ పకపకా నవ్వుతోంది.