వదిన లావు అక్షరం

మా వదిన వార్తాపత్రిక ఆఫీసులో అక్షరాలు గీస్తుంది. ఆ మాట చెబితే, దానికి జీతం కూడా ఇస్తారా అని అడిగేవాళ్లే ఎక్కువ. ఇస్తారు. నేను అక్కడే ప్రూఫులు దిద్దుతాను కాబట్టి నాకు తెలుసు.

మూడేళ్లు కూర్చుని శీర్షికల కోసం ఒకే ఒక్క అక్షరాల వరస గీసిందామె. అక్షరం ఒళ్లు బాగా లావు, తలకట్టు వెంట్రుకంత సన్నం, గీతల చివర నిలదొక్కుకున్నట్టు చిన్న పాదాలు. ఆ కాగితాల్ని దండెం మీద తగిలించి, వీధి చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి చూసేది. మా ఇంట్లో బట్టలకన్నా అక్షరాలే ఎక్కువ ఆరాయి.

“నాలుగు గీతలకి మూడేళ్లా తల్లీ?” అని మా అమ్మ సణిగేది. కోడల్ని మెచ్చుకున్న పాపాన ఎప్పుడూ పోలేదు.

ఆ అక్షరాలతో నమూనా పేజీ వచ్చిన రోజు ప్రెస్సు ఫోర్‌మన్ దాన్ని ఎడిటర్ బల్ల మీద పరిచాడు. అచ్చులో సన్న గీతలన్నీ ఎగిరిపోయాయి. అక్షరాలు ఎలుకలు కొరికినట్టున్నాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

“సన్న గీతలు లావు చెయ్యమ్మా. కుదరదంటే బయట కొనుక్కుంటాం,” అన్నారు ఎడిటర్.

వదిన పేజీని కళ్లకి దగ్గరగా పట్టుకుంది. “ఏ సైజులో వేశారు బాబాయ్?”

“వార్తల సైజులోనే. కొత్త అక్షరం కదా అని పేజీ మొత్తం దాంతోనే కానిచ్చేశా,” అన్నాడు ఫోర్‌మన్.

“అయితే తప్పు నాదే. ఎంతకన్నా చిన్నగా వెయ్యకూడదో రాసివ్వలేదు. గీత మాత్రం మార్చను సార్. ఇది చెవిలో చెప్పే అక్షరం కాదు, కేకేసి పిలిచే అక్షరం. పెద్దగా ఒక్కసారి వేయించండి. రోడ్డవతలి గోడకి అంటిస్తా. మా అత్తగారు కళ్లజోడు లేకుండా చదవలేకపోతే మీ ఇష్టం.”

ఎడిటర్‌కి నవ్వొచ్చింది. కళ్లజోడు లేకపోతే అమ్మకి ఎదురుగా వచ్చే బస్సు నంబరు కూడా ఆనదని, కోడలి తరఫున అబద్ధం అసలే చెప్పదని ఆఫీసంతటికీ తెలుసు. సరేనన్నారు.

అదే కాగితం, అదే మిషను. ఈసారి జానెడు అక్షరాలు. పక్క సందులోని మా ఇంటికెళ్లి నేనే అమ్మని తీసుకొచ్చాను. దారిలో విషయం చెప్పలేదు, కళ్లజోడు మాత్రం లాగేసుకున్నాను. ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి రోడ్డవతలి గోడ చూపించాను. వదిన చీర కొంగు నలిపేస్తోంది.

అమ్మ కళ్లు చికిలించింది. “‘ఎట్టకేలకు వాన’ అనుంది. దీనికా నన్ను పరిగెత్తించారు? అంత లావున రాస్తే ఎవరైనా చదువుతారు!”

వదిన పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఎడిటర్ ఫోర్‌మన్ వైపు తిరిగి, రేపటి శీర్షికకి ఇదే వెయ్యమన్నారు.

‘అంత లావున రాస్తే ఎవరైనా చదువుతారు!’ అన్న అమ్మ మాటని వదిన తన లావు అక్షరాలతోనే వేయించుకుని, బల్ల ఎదురుగా గోడకి అంటించుకుంది.