తలుపు వెనక కూర్చుని విన్న హత్యలు

మా ఆయనకు ఇంగ్లీషు హత్యల నవలల పిచ్చి. దఫ్తర్లో పెద్దసారు చదివి పక్కన పడేసినవి ఉప్పుగూడలోని మా ఇంటికి తెచ్చేవారు. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరికేది కాదు. అందుకని వెలుగు ఉండగానే వరండాలో కూర్చుని మాకు తెలుగులో చెప్పేవారు. ప్రతి కథలోనూ ఊరికి దూరంగా ఒక పెద్ద బంగళా, దాని నిండా చుట్టాలు, ఒక శవం. బంగళాను ఆయన దేవిడి అనేవారు, బట్లరును ఖాన్సామా అనేవారు. దాంతో ఆ హత్యలన్నీ మా పాతబస్తీలోనే జరిగినట్టుండేవి.

చివరికి రాగానే ఆపి, "చెప్పుండ్రి, చంపిందెవలు?" అనేవారు.

ఒక్కసారైనా నేను ముందు చెప్పాలని నా పట్టుదల. ఇంట్లో ఆడవాళ్లలో ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. మా తోటికోడలికి, అంటే బావగారి భార్యకు, తెలుగు కూడా చదవరాదు. అయినా ప్రతిసారీ ఆమే చెప్పేది. బియ్యంలో రాళ్లేరడం ఆపి, "గా మేనల్లుడే" అనేది.

"శభాష్ వదినా! నీ దిమాక్ పోలీసోళ్లకు గూడ లేదు" అని మా ఆయన మురిసిపోయేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ శభాష్ నాకు రావలసింది.

ఒకసారి నేనూ తెగించి, "బూట్లతోని ఇంట్లకొచ్చినోడే" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆ దేశంలో అందరూ బూట్లతోనే ఇంట్లో తిరుగుతారట. ఆ మాట ముందే చెప్పొద్దా?

పైగా నేను కూర్చునేది తలుపు వెనక. అత్తగారు ఉండగా కోడలు మొగుడికి ఎదురుగా కూర్చోకూడదు. ఆయన గొంతు వినాల్సిందే తప్ప ముఖం కనపడదు. తోటికోడలికి ఆ అడ్డు లేదు. ఆయన నిక్కర్లు తొడుక్కునే వయసులో ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చి, అన్నం కలిపి పెట్టి పెంచింది. దర్జాగా ఆయన ఎదుటే చాట పెట్టుకుని కూర్చునేది.

ఒకరోజు వంటింట్లో ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, నీకెట్ల తెలుస్తది?"

"నాకేం తెలుస్తది? కథ సగం సమజే కాదు. చంపినోని మాట రాంగనే మీ ఆయన చెవి గుంజుకుంటడు. ఏమన్న దాస్తే గంతే, చిన్నప్పటి సంది. నువ్వెన్నడు చూడలేదా?"

చూడలేదు. పెళ్లయి ఇన్నేళ్లయినా నా మొగుడు చెవి లాక్కుంటాడని నాకు తెలియదు. నేను హంతకుడి కోసం కథంతా గాలిస్తుంటే, ఆమె తీరుబడిగా నా మొగుడి ముఖం చదువుతోంది. నా ఇంగ్లీషు ఎందుకు, తగలెయ్యనా అనిపించింది. ఆ రోజు పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేదు.

తర్వాత అత్తగారు కూతురి కాన్పుకని వరంగల్ వెళ్లారు. ఆ సాయంత్రమే తలుపు వెనక నుంచి వచ్చి ఆయన ఎదుట కూర్చున్నాను. ఆయన కాస్త సిగ్గుపడి కథ మొదలుపెట్టారు. మధ్యలో పులుసు పొంగుతోందని తోటికోడలు లోపలికి వెళ్లింది. నేను ఆయన ముఖం మీంచి చూపు తిప్పలేదు. తోటమాలి మాట వచ్చింది. చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది.

"తోటమాలే!" అన్నాను.

ఆయన నోరు తెరిచారు. తర్వాత నవ్వారు. "పొయ్యేటప్పుడు వదిన నీ చెవుల ఊదిందా?"

వెంటనే వంటింటి వైపు తిరిగి, "శభాష్ వదినా!" అని కేకేశారు.