గంటలో ఎక్కాల్సిన సంచి

మా ఆయన తుమకూరు జిల్లా వల్లూరు దగ్గర సోలార్ ప్లాంటులో సెక్యూరిటీ. ఆయనకు డెంగీ వచ్చి చిగుళ్లలోంచి రక్తం కారుతుంటే తుమకూరులో ఆసుపత్రిలో చేర్చాం. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, వెంటనే ఎక్కించకపోతే ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టరు.

ప్లేట్‌లెట్ల సంచి వచ్చింది. "ఏందిది, రక్తమంటే ఎర్రగా ఉండల్ల గదా! పసుప్పచ్చగా ఉండాదే!" అంది మా అత్త. నర్సు సూది పెట్టి, బొట్లు చకచకా పడేట్టు చేసి పక్క మంచం దగ్గరికి వెళ్లింది. నేను మందులు తేవడానికి కిందికి దిగాను.

తిరిగొచ్చి చూద్దును కదా, బొట్టు పడాలా వద్దా అన్నట్టు పడుతోంది. సంచి ఇంకా నిండుగానే ఉంది. గొట్టం మీద బొట్ల వేగం మార్చే చిన్న చక్రం పట్టుకుని కూర్చుంది అత్త.

"ఏం చేసినావత్తా?"

"అంత దబదబా పోస్తే యాడ ఇంకుతుంది మే? బొట్టుబొట్టుగా ఇస్తేనే లోపలికి దిగేది. ఎన్నేండ్లు చెనక్కాయ చేనికి డ్రిప్పు పెట్టినాను, నాకు తెలీదా?"

ఆ వేరుశనగ చేను సోలార్ ప్యానెళ్ల కిందికి పోయి చాలా ఏళ్లయింది. ఈమె బుర్రలోంచి డ్రిప్పు మాత్రం పోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ కొడుకేమన్నా చెనక్కాయ చెట్టా?" అని అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది.

నర్సు పరిగెత్తుకొచ్చింది. మా వైపు ఊళ్ల అమ్మాయే. "ఇది సెలైన్ కాదవ్వా! ఊరికే ఏలాడేస్తే ఈ కణాలు పనికిరాకుండా పోతాయి. గంటలోపల ఒంట్లోకి పోతేనే కౌంటు బాగా పెరిగేది" అంటూ చక్రం తిప్పేసింది.

అత్త ముఖం పాలిపోయింది. "అయ్యో, నా కొడుకును నేనే సంపుకుంటినే!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం కాలేదులే అవ్వా, ఇంకా టైముండాది."

ఆ తర్వాత అత్త రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. సంచి ఖాళీ అయ్యేదాకా లేవలేదు. నా కోపమంతా దిగిపోయి జాలేసింది. వెళ్లి పక్కనే కూర్చున్నాను.

మర్నాడు రక్తం తీసి చూశారు. కౌంటు పెరిగింది. చిగుళ్ల రక్తమూ ఆగింది. ఆ మాట వినగానే నేను అందరి ముందూ భోరున ఏడ్చేశాను. మా ఆయన కళ్లు తెరిచి, "అమ్మా, గంజి ఉండాదా?" అన్నాడు.

అత్త రాగి గంజి గ్లాసు కొడుకు పెదాల దాకా తీసుకెళ్లింది. అంతలోనే చెయ్యి ఆపి నర్సు వైపు తిరిగింది.

"అమ్మాయీ, ఇది దబదబా తాపల్లా, నిదానంగానా?"