‘ఆరోగ్యము బాగున్నది’ అని రాసింది నేనే

ఎనభైల మొదటి ఏళ్లలో దుబాయ్ దగ్గరి ఫుజైరా కొండల్లో ఒక రాళ్ల క్వారీలో నేను టైమ్‌కీపర్‌ని. ఎవరు ఏ షిఫ్టుకు వచ్చారో, ఎవరు రాలేదో రాసుకోవడం నా ఉద్యోగం. శుక్రవారం మాత్రం వేరే పని ఉండేది. క్యాంపులో కూలివాళ్లు చాలామంది కరీంనగర్ వైపువాళ్లు. చదువు రాదు. జుమ్మా రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక నా గది ముందు చెప్పులు విడిచి వరసగా కూర్చునేవాళ్లు. నేను వాళ్ల ఇళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ని.

మాది గోదావరి జిల్లా. నా చేతిరాత అచ్చు వేసినట్టుంటుందని చిన్నప్పుడు బళ్లో అందరూ అనేవారు. ఆ గీర నాకు దండిగా ఉండేది. వాళ్లు చెప్పే తెలంగాణ మాటలు కాగితం మీద పెట్టడం నాకు నామోషీగా తోచేది. అందుకని వాళ్లు ఏం చెప్పినా నా ఉత్తరం ఒకే తీరున మొదలయ్యేది. ‘ఉభయకుశలోపరి. నేను ఇక్కడ క్షేమము. మీరందరూ అక్కడ క్షేమమని తలంతును. నా ఆరోగ్యము బాగున్నది. పని బాగున్నది.’ ఆ తరవాత ఎవరికేం కావాలో, ఎవరి చేత పంపాలో రెండు ముక్కలు. చివర వేలిముద్ర. పదకొండు మంది ఉంటే పదకొండు ఉత్తరాలు గంటన్నరలో తేల్చేసేవాణ్ని. ఉచితంగా చేస్తున్నాను కదా, ఇంకేం కావాలి వీళ్లకి అనుకునేవాణ్ని.

నా గది పక్కనే స్టోరు. స్టోర్‌కీపరు ఫిలిప్పీన్స్ మనిషి. నలభై ఐదేళ్లుంటాయి, బక్కపల్చటి శరీరం, నెత్తిన ఎప్పుడూ ఒక పాత టోపీ. వాళ్ల ఊళ్లో పదిహేనేళ్లు బళ్లో చరిత్ర చెప్పి, ఆ జీతంతో ఇల్లు గడవక ఇక్కడికొచ్చి డ్రిల్లు బిట్లకూ గ్రీజు డబ్బాలకూ కాపలా కాస్తున్నాడు. నేను ఆయన్ని ‘మాస్టారు’ అనేవాణ్ని. ఆ మాటకు అర్థం చెప్పాక ఆయన దానికే పలికేవాడు. నన్ను ‘పారే’ అనేవాడు, వాళ్ల భాషలో స్నేహితుణ్ని అలా పిలుస్తారట. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ చెరో దారి. ఎక్కడ చిక్కుపడితే అక్కడ హిందీ.

ఆయనకు ఒక బండ పుస్తకం ఉండేది. ఖాళీ దొరికితే చాలు, బల్ల మీద నట్లూ బోల్టులూ పక్కకు నెట్టి అందులో రాసుకునేవాడు. ఏమిటయ్యా అదంటే, తన కూతురి కోసం వాళ్ల దేశచరిత్ర అన్నాడు. నాకు నవ్వొచ్చింది. బళ్లో పుస్తకాలు లేవా, ఈ దుమ్ములో కూర్చుని నువ్వు రాయాలా అని వెటకారం చేశాను. ఆయన కోపగించుకోలేదు. కూతురికి పరీక్షలో ‘మన దేశాన్ని ఎవరు కనిపెట్టారు?’ అని ప్రశ్న వచ్చిందట. ఆ పిల్ల ఒక తెల్ల నావికుడి పేరు రాసి పూర్తి మార్కులు తెచ్చుకుందట.

‘మమ్మల్ని ఒకడు వచ్చి కనిపెట్టడానికి మేం తప్పిపోయామా, పారే?’ అన్నాడు.

ఆ తరవాత ఎన్నో మధ్యాహ్నాలు ఆయన చెప్పిందంతా నాకు పూసగుచ్చినట్టు గుర్తుంది. నాలుగున్నర వందల ఏళ్ల కిందట ఓడలు వచ్చాయి. ఒక దీవి నాయకుడు వాళ్లకు లొంగనన్నాడు. తీరంలో మోకాళ్లలోతు నీళ్లలో పోరాటం జరిగింది. ఓడల పెద్ద అక్కడే చచ్చిపోయాడు. ఆ పోరు చూసి రాసినవాడు ఒక్కడే, అతనూ ఓడలో వచ్చినవాడే. నాయకుడు తన మనుషులతో ఏమన్నాడో, ఎందుకు కాదన్నాడో, గెలిచాక ఆ సాయంత్రం ఊళ్లో ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాయలేదు. మాస్టారి తాత స్పెయిన్ దొరల కాలంలో పుట్టాడు. తండ్రి అమెరికా దొరలు పెట్టిన బళ్లో చదివాడు. ఇద్దరూ తమ గురించి ఓడలో వాడు చెప్పిందే నమ్మారట.

మరి ఉన్నదే ఆ ఒక్క రాత అయినప్పుడు మీరు మాత్రం ఏం చేస్తారని అడిగాను. దాన్నే మళ్లీ చదువుతామన్నాడు. అతను చెప్పాలనుకుని చెప్పినవి కాదు, పనిలో పనిగా చెప్పేసినవి వెతుకుతారట. తమకు పింగాణీ పళ్లేల్లో భోజనం పెట్టారని రాశాడు. అంటే చీనావాళ్లతో వర్తకం ఉండి ఉండాలి. ఒంటి మీద బంగారం ఉందన్నాడు, కొబ్బరికల్లు ఎలా తీస్తారో రాశాడు, వాళ్ల మాటలు అడిగి తెలుసుకుని పట్టీ వేసుకున్నాడు. అడవి మనుషులని చెప్పబోయి ఒక నిండు ఊరిని చూపించేశాడు. ఇక దాని మీద మాస్టారి ఊళ్లో పంతుళ్లే రెండు ముఠాలై పోట్లాడుకునేవాళ్లట. కాగితంలో ఉన్నంతవరకే చెప్పాలని ఒకళ్లు, లేనిది కూడా ఊహించకపోతే మన తాతలు ఎప్పటికీ మూగవాళ్లేనని ఇంకొకళ్లు. మాస్టారు మొదటివాళ్ల పక్షం.

‘లేని మాట వాళ్ల నోట్లో పెడితే, అది వాళ్ల నోరు రెండోసారి నొక్కడమే’ అన్నాడు.

ఒక శుక్రవారం నేను ఉత్తరాలు రాస్తుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. భాష రాదు కదా, ఊరికే చూస్తున్నాడు. కాసేపయ్యాక, వీళ్లు ఇంతింతసేపు మాట్లాడుతున్నారు, నువ్వు రాసే మొదటి నాలుగు వరసలు మాత్రం అందరికీ ఒకేలా ఉన్నాయేమిటని అడిగాడు. అర్థం చెప్పాను. క్రషర్ దగ్గర పనిచేసే మనిషి అప్పుడు నా ముందు కూర్చుని ఉన్నాడు, దగ్గుతూ. మాస్టారు అతని వైపు చూసి, ఇతని ఆరోగ్యం బాగుందా అన్నాడు. మర్యాద కోసం అలాగే రాస్తారు, మా పద్ధతి అన్నాను.

‘రేపు ఎవరైనా ఈ ఉత్తరాలు చదివితే, దుబాయ్‌లో మీవాళ్లందరూ సుఖపడ్డారని రాస్తారు. ఇక్కడ ఓడలో వాడివి నువ్వే, పారే.’

నాకు ఒళ్లు మండింది. ఊరికే రాసిపెడుతున్నవాణ్ని పట్టుకుని ఇంత మాటా? రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు.

ఆ క్రషర్ మనిషి గురించి చెప్పాలి. ముప్పై దాటి ఉండవు. నోటికి తువ్వాలు కట్టుకుని రోజంతా రాతిపొడిలో నిలబడేవాడు. సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లగా అయ్యేవి. ఊళ్లో భార్య, ఒక ఆడపిల్ల. వరసలో ఎప్పుడూ చివర కూర్చునేవాడు, ఎక్కువసేపు మాట్లాడాలని. నాకేమో అప్పటికి చెయ్యి లాగేసేది. ఒకరోజు, ఛాతీలో పట్టేసినట్టు ఉంటోంది, మెట్లెక్కితే ఊపిరాడటం లేదు, ఇది కూడా రాయి సారూ అన్నాడు. ఆడమనిషి, అంత దూరాన బెంగపెట్టుకుంటుంది, లేనిపోనిది ఎందుకూ అన్నాను.

‘నీ ఇష్టం సారూ. సదువుకున్నోనివి, నీకు తెలుస్తది’ అన్నాడు.

నేను ‘నా ఆరోగ్యము బాగున్నది’ అని రాసి వేలిముద్ర వేయించుకున్నాను. ఆ తరవాత రెండు శుక్రవారాలకు ఇంకొకటి రాశాను. అదే ఆఖరుది. ఆ నెలలోనే ఒక పొద్దున అతను పనికి రాలేదు. హాజరు పుస్తకంలో గైరుహాజరు వేశాను. గంట తరవాత తెలిసింది, మంచం మీదే పోయాడని. ముదీర్, అంటే క్వారీ మేనేజరు, వచ్చాడు, కాగితాలు అయ్యాయి, గుండె ఆగిందని రాశారు. యల్లా, పనికి పదండి అని అందరినీ తరిమారు. అతని ఊరివాడే ఒకడు శవంతో పాటు వెళ్లాడు. మేం అందరం నాలుగు రోజులు ఏడ్చి మళ్లీ పనిలో పడ్డాం.

రెండు నెలలకు ఆ ఊరివాడు తిరిగొచ్చాడు. నాకు ఒక మూట, ఒక క్యాసెట్ ఇచ్చాడు. మూటలో నేను రాసిన ఉత్తరాలన్నీ ఉన్నాయి. క్యాసెట్‌లో ఆ భార్య గొంతు. గది తలుపు వేసుకుని టేప్‌రికార్డర్‌లో పెట్టాను.

‘సారూ, మీరెవరో నాకు తెల్వదు. మీ రాతొక్కటే తెలుసు. ప్రతి ఉత్తరంల మంచిగున్న అనే రాసిన్రు. మంచిగున్న మనిషి ఎట్ల సచ్చిండు? నేనేదో మాట రాయించి పంపిన్నంట, అది మనసుల పెట్టుకోని ఆయన పానం తీసుకున్నడంట. ఇంట్ల గట్లనే అంటున్రు, నా బిడ్డ ముంగటనే అంటున్రు. మీరు రాసింది నాకొద్దు సారూ. మీ ముంగట కూసోని ఆయన ఏం చెప్పిండో గదే చెప్పున్రి. ఆఖరు ఉత్తరమప్పుడు నా గురించి ఏమన్నడో జర యాది చేసుకోని చెప్పున్రి.’

ఆమె మీద నింద వేయడానికి సాక్ష్యం నా అచ్చుగుద్దిన అక్షరాలే. సిగ్గు చంపుకుని స్టోరులోకి వెళ్లి మాస్టారికి అంతా చెప్పాను. నాకు తగిన శాస్తి జరిగిందని అంటాడేమో అనుకున్నాను. ఆయన బల్ల తుడిచి, ఉత్తరాలు తారీఖుల వరసలో పేర్చమన్నాడు.

మూడు సాయంత్రాలు కూర్చున్నాం. ప్రతి ముక్కకూ నేను అర్థం చెప్పాలి, ఆయన పెన్సిల్‌తో రాసుకోవాలి. నా మొదటి నాలుగు వరసలన్నీ కొట్టేసి పక్కన పెట్టాడు. అవి నీవి, అతనివి కావన్నాడు. మిగిలింది చాలా తక్కువ. కావలసిన వస్తువులు మాత్రం నేను ఎగ్గొట్టలేదు, ఎగ్గొడితే వస్తువు రాదు కనక. ఒక ఉత్తరంలో అడ్డసరం ఆకు పొడి కొంచెం పంపమని ఉంది. అదేమిటని అడిగాడు. దగ్గుకు వాడే నాటుమందన్నాను. ఆయన పెన్సిల్ ఆగింది. తరవాతి ఉత్తరాల్లో ఇంకో రెండుచోట్ల అదే పొడి, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ. ఒకచోట రెండు డబ్బాలు పంపమని. చేసింది భార్యే, పంపింది భార్యే. ఆరు నెలల రోగం నా చేత్తోనే రాసి ఉంది, నేను చూడలేదు.

ఇంతవరకు ఖాయంగా చెప్పొచ్చు అన్నాడు మాస్టారు. మనిషి రోగంతో పోయాడు, మాటకు నొచ్చుకుని కాదు. ఆమె గురించి అతను ఏమన్నాడన్నది మాత్రం ఇందులో లేదు, విన్నవాడివి నువ్వొక్కడివే కనక నువ్వే చెప్పాలన్నాడు.

శుక్రవారం జవాబు క్యాసెట్‌లో మాట్లాడాను. ఊరివాడు పక్కన కూర్చున్నాడు, వారంలో వెళ్లే ఇంకొకరి చేతికి అందించాలని. ఉత్తరాలు నా అలవాటు కొద్దీ రాశానని, అతను ఊపిరాడటం లేదని చెబితే నేనే వద్దన్నానని చెప్పాను. పొడి సంగతి చెప్పాను. ఉత్తరాల మూట తిరిగి పంపుతున్నాను, ఇంట్లో వాళ్ల ముందు ఎవరిచేతైనా చదివించమ్మా, తప్పు నాదని చెప్పమ్మా అన్నాను.

ఇక మిగిలింది ఆఖరి ఉత్తరం. అప్పటి సంగతి తలుచుకున్నాను. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో సులేమానీ చాయ్ చల్లారిపోయింది. ఎంతసేపు చెప్తాడురా బాబూ అని నేను కలం మూతతో బల్ల మీద కొడుతున్నాను. అతని పెదాలు కదలడం కనిపిస్తోంది, మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. మాట ఒక్కటి లేదు. నాలుగున్నర వందల ఏళ్ల కిందటి దీవి కథ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు. మూడు నెలల కిందట నా ఎదురుగా కూర్చున్న మనిషి తన భార్య గురించి ఏమన్నాడో గుర్తులేదు.

టేపు తిరుగుతోంది. ఊరివాడు నా నోటి వైపే చూస్తున్నాడు. క్యాంపులో ప్రతివాడూ అనే మాట ఒకటుంది. నా గోదావరి యాస దాచుకుని, మొదటిసారి అతని భాషలో, అచ్చం అతనిలాగే పలికాను.

‘ఈసారి ఇంటికి పోతే మల్ల రాను సారూ, గంజి తాగైనా ఆమె దగ్గర్నే ఉంట, అన్నడమ్మా. గదే ఆఖరు మాట.’

ఊరివాడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. బయట మాస్టారు నిలబడి ఉన్నాడు. చివర్లో ఏం చెప్పావని అడిగాడు. గుర్తులేదని ఉన్నదున్నట్టు చెప్పేశానన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, అలా చెప్పడానికి చాలా ధైర్యం కావాలన్నాడు. కొన్నాళ్లకు ఆయన కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయాడు. ఆయనకు నిజం చెప్పడం నా వల్ల కాలేదు.

ఇంట్లో నిందలు ఆగాయని తరవాత కబురొచ్చింది. ఆమె ఆ క్యాసెట్‌లో టేపు సాగిపోయేదాకా విన్నదట. మొన్నీమధ్య ఆ ఊరివాడు కనిపించి, ఆ ఆడపిల్ల ఇప్పుడు టీచరైందని చెప్పాడు. బళ్లో పిల్లలకు తన తండ్రి గురించి చెప్తుందట, ఆఖరున ఈ మాట అన్నాడని. ఆ పిల్లకు తండ్రి నుంచి మిగిలిన మాట అదొక్కటే. అది నేను అల్లింది.