కువైట్‌లో ఉన్న మసరత్

జమ్మలమడుగులో వాళ్ళ వీధి మొత్తానికి మసరత్ కువైట్‌లో ఉంది. ఒక షేకు ఇంట్లో పిల్లల్ని ఆడిస్తూ, చల్లటి గదిలో నిద్రపోతూ, తల్లికి ఖర్జూరాలు పంపిస్తూ సుఖంగా ఉంది. ఆ సంగతి తెలియనిది మసరత్‌కొక్కదానికే. ఆమె ప్రొద్దుటూరు శివార్లలో, బయటినుంచి బీగం వేసిన ఒక రక్షణ గృహంలో కొవ్వొత్తులు పోస్తూ ఉంది.

కువైట్ పంపిస్తానని ఆమెను తీసుకుపోయినవాడు పులివెందుల ఏజెంటు లాల్ బాషా. మొగుడు వదిలేసిపోయాడు, కుట్టుమిషను తప్ప వేరే ఆధారం లేదు, నమ్మింది. విమానం మెట్లెక్కాల్సిన మనిషి పూణేలో లాడ్జి మెట్లెక్కింది. చాలాకాలానికి పోలీసులు దాడి చేసి కాపాడారు. కాపాడి తెచ్చి ఇక్కడ పెట్టారు. లాడ్జిలో గడియ బయటే ఉండేది, ఇక్కడా బయటే ఉంది. కాకపోతే ఇక్కడ గడియ పెట్టేది ఆమె మేలు కోరి.

వాయిదాకు తీసుకుపోయిన రోజు కోర్టు వరండాలో లాల్ బాషా కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన. బెయిల్ మీద వచ్చి, పులివెందులలో కొత్త ఆఫీసు కూడా తెరిచాడట. మసరత్ తన లాయరు ప్రశాంతి వైపు తిరిగింది.

"మేడం, ఆ బెయిలేందో నాకు గూడా ఇప్పియ్యండి."

"నువ్వు ముద్దాయివి కాదు కదమ్మా, బాధితురాలివి. నీకు బెయిల్ ఉండదు."

"అంటే నేనూ ఏదో ఒక తప్పు చేసింటే ఈ పొద్దు ఇంటికి పోతాంటి."

చట్టంలో రావాల్సిన మార్పుల గురించి ప్రశాంతి సభల్లో గంటసేపు మాట్లాడగలదు, ప్రభుత్వానికి అర్జీలూ రాస్తుంది. ఈ మాటకు మాత్రం ఫైలు తెరిచి తర్వాతి వాయిదా తేదీ చూసుకుంది.

ముప్పై దాటిన ఆడమనిషైనా సరే, గృహం గడప దాటాలంటే అయినవాళ్ళెవరో వచ్చి మా మనిషేనని ఒప్పుకోవాలి. ముందుగా ఆ ఇల్లు ఎలాంటిదో విచారించాలి. అందుకని అధికారి ఎబినేజర్ జమ్మలమడుగు వెళ్ళాడు. నియమం తప్పని మనిషి. బాధితురాలి గుట్టు బయటపడకూడదు కాబట్టి కేసు ఊసెత్తకుండా, మసరత్ ఎలాంటిదని మాత్రమే అడిగాడు. పొరుగింటి గౌసియా కుర్చీ వేసి, టీ ఇచ్చి మరీ చెప్పింది.

"బంగారట్లాంటి పిల్ల సార్. కువైట్‌లో ఉండాది. వాళ్ళమ్మ పోయిన రంజానుకు వీధంతా ఖర్జూరాలు పంచింది. ఆ లాల్ బాషా మామే పంపిచ్చినాడు. పండగ కాంగానే మా పిల్ల యాస్మిన్‌ను గూడా పంపిస్తాండాడు."

పక్కనే నిలబడిన మసరత్ తల్లి మెహబూబున్నీసా తలూపింది. కూతురు కువైట్‌లో ఉందని మొదట ఆమె కూడా నమ్మింది. పూణే నుంచి పోలీసుల ఫోను వచ్చాక నమ్మడం మానేసింది గానీ, చెప్పడం మానలేదు. ఆ ఖర్జూరాలు ప్రొద్దుటూరు అంగట్లో కొన్నవి. ఎబినేజర్ ఉన్నదున్నట్టు రాసిచ్చాడు: సదరు స్త్రీ కువైట్‌లో ఉన్నట్టు తల్లీ ఇరుగుపొరుగూ చెప్పారు.

కువైట్‌లో ఉన్న మనిషిని ప్రొద్దుటూరు నుంచి విడుదల చేయడం కుదరదు. గృహంలో ఉంచే గడువు పొడిగించారు. ప్రశాంతి అదంతా చదివి వినిపిస్తే మసరత్ గడువు మాటే పట్టించుకోలేదు.

"యాస్మిన్‌నా? ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది మేడం. పండగ లోపల నన్ను బయటికి పంపండి. లేకుంటే మీరన్నా పోయి చెప్పండి."

ప్రశాంతి పోయి చెప్పింది. గౌసియా నవ్వింది.

"ఎవురో పిల్లను అమ్మినాడంటావు, ఏ పిల్లనో చెప్పమంటే చెప్పవు."

"పేరు చెప్పకూడదమ్మా. చట్టం ఒప్పుకోదు."

"చట్టం ఒప్పుకోని మాట నాకెందుకు తల్లీ? మా మసరత్ పోలేదా, బాగుపడలేదా?"

బాధితురాలికి కప్పిన ముసుగు కింద లాల్ బాషా కూడా హాయిగా దాక్కున్నాడు. పై అధికారులకు చెబితే, పిల్ల ఇంకా ఇంట్లోనే ఉంది కదా, పోయినాక రమ్మన్నారు.

ఇక మిగిలింది తల్లి. గృహంలో బతిమాలి అనుమతి తీసుకుని ప్రశాంతి తన ఫోను మసరత్ చేతికిచ్చింది.

"అమ్మీ, నేను సచ్చిపోయినానని వీధిలో చెప్పుకున్నా నీ మింద నాకు కోపం లేదు. ఆ పిల్ల గూడా ఆడికి పోయిందంటే మాత్రం పంపించింది నీ ఖర్జూరాలే."

మెహబూబున్నీసా కోర్టుకు వచ్చి, నా బిడ్డే అంది. ఇకనైనా జాగ్రత్తగా చూసుకోమని హితవు చెప్పి, బడి నుంచి పిల్లను అప్పగించినట్టు అప్పగించారు. బయట ఆటోలో కొత్త సూట్‌కేసు ఉంది.

"ఇదేందమ్మీ?"

"చేతులూపుకుంటా దిగితే ఏమనుకుంటారు? సబ్బులు, ఖర్జూరాలు పెట్టినా. యాస్మిన్ సంగతి నేను చూసుకుంటాలే. కువైట్‌లో ఎండలు శానా ఎక్కువని చెప్దాం."

వీధిలో ఆటో ఆగేసరికి జనం మూగారు. "ఏమే, షేకు నీకు తిండి పెట్టలేదా, పుల్ల మాదిరి అయినావు," అని గౌసియా ముందుకొచ్చింది. ఆమె వెనక గోరింటాకు చేతులతో యాస్మిన్. మసరత్ అరుగు మీదే సూట్‌కేసు తెరిచి, ఖర్జూరాల పొట్లం గౌసియా చేతిలో పెట్టింది.

"తిను ఆపా. ప్రొద్దుటూరు సరుకే. నేను కువైట్ చూడలా. లాల్ బాషా నన్ను పూణేలో లాడ్జికి అమ్మినాడు. పేరు కావాలంటివి గదా. ఆ పేరు నాదే."

మెహబూబున్నీసా కొంగుతో మొహం కప్పుకుని లోపలికి పోయింది.

యాస్మిన్ ప్రయాణం ఆగిపోయింది. దాంతో పాటు ఆ పిల్ల మసరత్ ఇంటికి రావడమూ ఆగింది. అలాంటి ఇంటికి పోవద్దని గౌసియానే కట్టడి చేసింది. లాల్ బాషా కూడా ఊరుకోలేదు. వీధిలో నిలబడి తన పరువు తీసిందని మసరత్ మీద కేసు వేశాడు. ఈసారి ఆమె నిజంగానే ముద్దాయి.

అదే పూట బెయిల్ దొరికింది. జామీను సంతకం పెట్టడానికి గౌసియా వచ్చింది. మసరత్ మొహం చూడకుండా పెట్టి, పలకరించకుండా పోయింది.

మసరత్ కోర్టు మెట్లు దిగింది. పక్కన ఎవరూ కాపలా లేరు, అప్పగించుకోవడానికి ఎవరూ రాలేదు.

"సట్టం మార్చండని రాస్తాండారంట గదా మేడం," అంది ప్రశాంతితో. "ఏ తప్పూ చెయ్యనోళ్ళకు గూడా బెయిల్ ఇమ్మని రాయండి."