పొగమంచులో వినిపించిన గంట

మ్యూజియం అంకుల్ పోయారు. గత నెల న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఆఫీస్ ముందు కారు పార్క్ చేస్తుండగా దీవి నుంచి ఫోన్ వచ్చింది. మ్యూజియంలో ఆయనతో పాటు పనిచేసే అమెరికన్ ఆవిడ చేసింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. దుఃఖం కంటే ముందు, ఇక నిజం చెప్పుకోవడానికి ఆయన లేరే అన్న భయం కలిగింది. ఆయనతో నేనొక అబద్ధం చెప్పాను.

మసాచుసెట్స్ తీరం నుంచి ఫెర్రీలో వెళ్లాల్సిన ఆ దీవిలో, ఆసుపత్రి ఫార్మసీలో మూడేళ్లు పనిచేశాను. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. ఆయనది వరంగల్. దీవిలోని హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక రైలు మ్యూజియం చూసుకునేవారు. వందేళ్ల కిందట అక్కడ రేవు నుంచి తూర్పు ఒడ్డు దాకా ఇరుకు పట్టాల మీద ఒక చిన్న న్యారోగేజ్ రైలు నడిచేది. తర్వాత పట్టాలు పీకి పాత ఇనుము కింద పంపేశారు. మిగిలింది ఒక చెక్క బోగీ, కొన్ని ఫొటోలు, అట్ట టికెట్లు. ఆదివారాలు ఆయన సర్వపిండి తెచ్చేవారు, నేను పులిహోర. బోగీలో ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లం.

ఆ బోగీలో ఎడమవైపు మూడో కిటికీకి లోపలి నుంచి ఆవిరి పట్టేది, ఎవరో అద్దానికి ముఖం ఆనించి ఊపిరి వదిలినట్టు. మిగతావన్నీ పొడిగా ఉండేవి. ఆయన భయపడలేదు, మురిసిపోనూ లేదు. అద్దం మార్పించారు, సందులు పూడ్చారు, థర్మామీటర్ తగిలించారు. ఆవిరి మళ్లీ పట్టింది. నోట్‌బుక్‌లో ఆ రోజు వేడి, తేమ రాసి, కారణం అన్నచోట ‘తెలియదు’ అని తెలుగులో రాసుకున్నారు.

“ఎరుక లేనిది ఎరుక లేదనే రాయాలె బిడ్డా. దయ్యమని రాసినా అబద్ధమే, ఏం లేదని రాసినా అబద్ధమే,” అనేవారు.

పాత రైలు కట్ట మీద నడిచేటప్పుడు నడిమధ్య అడుగు పెట్టేవారు కాదు, పక్కన గడ్డిలోనే నడిచేవారు. ఎందుకని అడిగితే, పట్టాలు తీసుకపోయిన్రు గని తొవ్వ ఆడనే ఉంది గదా అని నవ్వారు.

తూర్పున సముద్రం గట్టును కోసేస్తూ ఉంటుంది. రైలు కట్ట మీది చివరి మైలురాయి నుంచి అంచు దాకా ఎంత నేల మిగిలిందో నెలకోసారి టేపుతో కొలిచేవాళ్లం. ఒక అక్టోబర్ మధ్యాహ్నం అలా వెళ్లినప్పుడు పొగమంచు కమ్మేసింది. చాచిన చెయ్యి కనబడటం లేదు. టేపు కొస పట్టుకుని నేను ముందు నడుస్తున్నాను. ఎదురుగా, సముద్రం ఉన్న వైపు నుంచి, గంట వినిపించింది. ఫెర్రీ హారన్ నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. పాత రైలింజన్లకు ఉండే, తాడు లాగి కొట్టే ఇత్తడి గంట. ఆగి ఆగి మోగుతూ, దగ్గరవుతోంది.

“ఆగు బిడ్డా,” అన్నారు వెనక నుంచి. దగ్గరికొచ్చి నా మోచెయ్యి పట్టుకుని గడ్డిలోకి జరిపారు. “బండి పోనీ.”

గాలి లేదు. అయినా కట్ట పొడవునా గడ్డి వరసగా వంగుతూ వచ్చి, మమ్మల్ని దాటి రేవు వైపు వెళ్లింది. తడిసిన బొగ్గు వాసన వేసింది. ఆ వెంటనే, నేను వెళ్లబోయిన వైపు నేల బరువుగా మూలిగి కిందికి జారింది. పొగమంచు పలచబడ్డాక చూస్తే, నా అడుగులు ఆగిన చోటికి కాస్త ముందే గట్టు తెగిపోయి ఉంది.

తిరిగి రోడ్డెక్కేదాకా ఆయన నా మోచెయ్యి వదల్లేదు. అప్పుడు అడిగారు: “గంట నీకు గూడ వినవడ్డదా?”

ఆ గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. ఎన్నేళ్లుగా ఒక్కరే వింటున్నారో.

“లేదంకుల్. మీరు పిలిచారని ఆగాను,” అన్నాను.

విన్నానని ఒప్పుకుంటే ఆ దీవిలో ఒంటరిగా ఉండలేననిపించింది. ఆయన తలూపి టేపు చుట్టేసుకున్నారు. మరుసటి వేసవిలో నాకు న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేసిన ప్రతిసారీ నిజం చెబుదామనుకునేదాన్ని. నా ప్రాణం నిలబెట్టిన మనిషి, హైవే మీద మెల్లగా డ్రైవ్ చేయమని చెప్పి ఫోన్ పెట్టేసేవారు.

కిందటి వారం దీవికి వెళ్లాను. నాకు ఫోన్ చేసిన ఆవిడ మ్యూజియం తలుపు తీసి, తెలుగులో ఉన్నవి చదివి చెప్పమని నోట్‌బుక్ నా చేతికిచ్చింది. ఆ అక్టోబర్ పేజీ దొరికింది. ‘గంట. నేను విన్నాను. అమ్మాయి వినలేదు. నా చెవుల దోషం కావచ్చు.’ దాని వెనక చెవుల పరీక్ష రిపోర్టు పిన్ చేసి ఉంది. లోపమేమీ లేదని అందులో ఉంది. ఆ తర్వాతి పేజీల్లో గంట మాటే లేదు.

పెన్ అడిగి తీసుకుని ఆ వాక్యం పక్కన రాశాను: ‘నేనూ విన్నాను అంకుల్. మీతో అబద్ధం చెప్పాను.’ ఏం రాశావని ఆవిడ అడిగితే ఇంగ్లిష్‌లో చెప్పాను.

బయటికొచ్చేసరికి స్నో పడటం ఆగింది. కట్ట దాకా నడిచాను. ఎటు చూసినా చీలమండల లోతు తెలుపు, ఎవరి అడుగూ పడలేదు. కట్ట మీద మాత్రం రెండు సన్నటి గీతల్లో స్నో నిలవలేదు. నల్లటి తడి మట్టి కనబడుతూ, అవి పక్కపక్కనే సముద్రపు అంచు దాకా సాగిపోయాయి. గ్లవ్ తీసి, వంగి ముట్టుకున్నాను. నేల వెచ్చగా ఉంది.